మళ్లీ తోలు డప్పే: అపోహలు - వాస్తవాలు

మాది నల్లగొండ దగ్గర ఊరు. ఎనిమిది మందిమి కలిసి డప్పు కొడతాం. ఐదేళ్లు ఫైబర్ డప్పులు, ప్యాడ్‌లు పట్టుకుని డీజే బండి ముందు నిలబడ్డాం. పోయిన దసరాకు మళ్లీ తోలు డప్పు భుజానికి తగిలించుకున్నాం. అప్పటి నుంచి మళ్లీ తోలు డప్పు ఎందుకని అడుగుతున్నవాళ్లకు ఈ జవాబులు.

అపోహ: తోలు డప్పుకు సౌండ్ తక్కువ.

వాస్తవం: కాచని డప్పుకు తక్కువ. మేకతోలు గాలిలోని తేమకు వదులవుతుంది. వరిగడ్డి మంట దగ్గర పెడితే తేమ పోయి బిగుసుకుంటుంది. మంట తాకకూడదు, సెగే తగలాలి. తిప్పుతూనే ఉండాలి, మధ్యమధ్య వేలితో కొట్టి చూడాలి. మొదట మొద్దుగా పలికిన తోలు కాసేపటికి ఖంగుమంటుంది. అక్కడ ఆపాలి. ఇంకాస్త ఆశపడితే అంచు దగ్గర చీలుతుంది. మిర్యాలగూడలో ఒక పెళ్లికి ముందు నా చేతిలోనే అలా పోయింది, ఆ రోజంతా నాకు అన్నం దిగలేదు. ఫైబర్‌కు ఈ కష్టం లేదు, వానలోనూ పలుకుతుంది. కానీ గుండెల్లో దిగే ఆ గుమ్ము దానికి రాదు.

అపోహ: డప్పంటే రౌడీ మూక తాగి చేసే గోల, నేర్చుకునేదేముంది?

వాస్తవం: కుడిచేతి సిర్రది, అంటే లావు పుల్లది, బరువు దెబ్బ, ఎడమచేతి చిటికెన పుల్లది సన్న దెబ్బ. సిర్ర తొందరగానే పట్టుబడుతుంది, ఎడమచేయి కుదరడానికే నెలలు పడుతుంది. దరువు మార్చాలని ముందున్నవాడు కంటితో సైగ చేస్తే ఎనిమిది డప్పులూ ఒక్క దెబ్బకు తిరగాలి. తాగినవాడి వల్ల అది కాదు. తాగి వస్తే మేం డప్పు చేతికివ్వం.

అపోహ: డప్పు చావుకే.

వాస్తవం: చావుకు కొడతాం, గౌరవంగా కొడతాం. పెళ్లికి, బోనాలకు, చాటింపుకు కూడా అదే డప్పు, దరువులే వేరు. మహబూబ్‌నగర్ జిల్లా కురుమూర్తి జాతరలో స్వామికి తోలుతో చేసిన ఉద్దాలు, అంటే పాదుకలు, ఊరేగిస్తారు. తోలు పని తెలిసిన మా మాదిగ చేతులే డప్పునూ బిగించాయి. అది మాకు గొప్ప.

అపోహ: కరెంటు లేని వాద్యం, రాత్రి ఎంతసేపైనా కొట్టొచ్చు.

వాస్తవం: కుదరదు. శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులే కాదు, వాద్యాలూ వాడకూడదు. పండుగలకు ప్రభుత్వం ప్రత్యేకంగా సడలిస్తే తప్ప. కాబట్టి బరాత్ ఏడింటికే మొదలుపెట్టండి. డప్పులు కాచుకోవడానికి ఫంక్షన్ హాల్ బయట కాస్త జాగా, ఒక ఎండుగడ్డి మోపు చూపించండి.