పనసచెట్టు ఎప్పుడు కూలింది?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు, ఉద్దానంలో మా ఇంటి పెరట్లోని పనసచెట్టు కూలింది. మెరుపు వెలుగులో అది వేళ్లతో సహా ఒరిగిపోవడం కిటికీలోంచి చూశానని నా జ్ఞాపకం. అది కూలడం ఎవరమూ చూడలేదని, గాలి నెమ్మదించాక తలుపు తీసేసరికే నేలమీద పడి ఉందని మా అక్క అంటుంది. ఒకే గదిలో ఆ రాత్రి గడిపిన ఇద్దరం ఇంత గట్టిగా రెండు మాటలు చెప్పడం నన్ను చాలాకాలం కలవరపెట్టింది. మనిషి జ్ఞాపకం గురించి శాస్త్రం ఏమంటుందో చదవడం మొదలుపెట్టింది అందుకే.

1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గించడానికి శస్త్రచికిత్స చేసి, మెదడుకు రెండు వైపులా ఉండే హిప్పోకాంపస్‌లో చాలా భాగాన్ని తీసేశారు. ఆ తర్వాత అతను చిన్ననాటి సంగతులు చెప్పగలిగేవాడు గాని, కాసేపటి క్రితం మాట్లాడిన మనిషిని గుర్తుపట్టలేకపోయేవాడు. అయితే అతన్ని ఏళ్ల తరబడి పరిశీలించిన బ్రెండా మిల్నర్ అద్దంలో చూస్తూ బొమ్మ గీయడం నేర్పిస్తే, ఆ పని అంతకుముందు చేసినట్టే తెలియకపోయినా రోజురోజుకూ అతని చేయి తిరిగింది. జరిగిన సంగతిని గుర్తుంచుకోవడం, చేతిపనిని గుర్తుంచుకోవడం వేర్వేరు వ్యవస్థల పనులని దీంతో తేలింది. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్లు కబుర్లాడుతూనే పప్పు విరగకుండా తీయగలగడం ఈ రెండో రకం జ్ఞాపకం వల్లనే.

ఒక సంఘటన మనసులో నిలవాలంటే, ఆ సమయంలో కలిసి స్పందించిన నాడీకణాల మధ్య సంధులు బలపడాలి, అందుకు కొత్త ప్రోటీన్లు తయారవ్వాలి. ఇది గంటల్లో మొదలై, నిద్రలో కొనసాగి, కొన్ని విషయాల్లో ఏళ్లపాటు సాగే పని. భయం కలిగినప్పుడు విడుదలయ్యే హార్మోన్లు మెదడులో అమిగ్డలా అనే భాగం ద్వారా ఈ పనిని ఉధృతం చేస్తాయి కనుకనే, ఆ వారంలోని మిగతా రోజులు చెరిగిపోయినా తుపాను రాత్రి మాకు మిగిలింది.

మిగతావి ఎందుకు చెరిగిపోయాయి? జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల వరుసలను తానే కంఠస్థం చేసి, తన మీదే ప్రయోగాలు జరిపి 1885లో ప్రచురించాడు. తిరిగి నేర్చుకోవడంలో కలిసొచ్చే సమయాన్ని బట్టి కొలిస్తే, నేర్చుకున్నదానిలో గంటలోనే సగానికి పైగా పోయింది, ఒక రోజుకు మూడింట రెండు వంతులు పోయింది, ఆ తర్వాత తగ్గుదల నెమ్మదించింది. అయితే కాలం గడవడం ఒక్కటే దీనికి కారణం కాదు. ఒకే రకమైన అనుభవాలు ఒకదాని మీద ఒకటి పడి కలగలిసిపోతాయి. చాలాసార్లు జ్ఞాపకం ఉన్నా, దాన్ని పట్టి లాగే ఆనవాలు దొరకదు. తడిసిన జీడితోట వాసన ముక్కుకు తగలగానే, మరిచిపోయాననుకున్న తాతగారి మాట ఒకటి నాకు చెవిలో పలికినట్టు వినిపించడం ఇలాంటిదే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వేరే సంగతి. ఒక జ్ఞాపకాన్ని తలుచుకున్నప్పుడు అది కాసేపు మెత్తబడి, మళ్లీ గట్టిపడవలసి వస్తుందని 2000లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలు చూపాయి. ఆ సమయంలో కొత్త సంగతులు అందులో చేరిపోవచ్చు. తుపాను తర్వాత కరెంటు లేని రోజుల్లో సాయంత్రమయ్యేసరికి అందరం అరుగు మీద చేరి, కూలిన కొబ్బరిచెట్ల గురించి, ఎగిరిపోయిన రేకుల గురించి ఒకే కథను ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. చెట్టు కూలుతుండగా కళ్లారా చూసిన పొరుగింటాయన మాటలు నా జ్ఞాపకంలోకి జారిపోయి ఉండవచ్చు.

1986లో ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిన మర్నాడు, ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో అమెరికాలో కొందరు విద్యార్థుల చేత రాయించారు. సుమారు రెండున్నరేళ్లకు మళ్లీ అడిగితే, దాదాపు పాతిక శాతం మంది చెప్పినదానిలో ఒక్క ముఖ్యాంశమూ మొదట రాసినదానితో సరిపోలేదు. అయినా చాలామంది ఎంతో నమ్మకంతో చెప్పారు. తమ చేతిరాతే చూపించినా అసలు జ్ఞాపకం వారికి తిరిగి రాలేదు.

ఈమధ్య మా మేనల్లుడి పాత ఫోనులో ఆ ఉదయం తీసిన ఫొటో దొరికింది. కూలిన పనసచెట్టు పెరటి కిటికీని పూర్తిగా కప్పేసి ఉంది, ఆ కిటికీ రెక్కలకు బయటినుంచి అడ్డంగా కొట్టిన చెక్కలు కొమ్మల మధ్య కనిపిస్తున్నాయి. గాలికి తట్టుకుంటుందని ముందురోజు సాయంత్రమే నాన్న వాటిని కొట్టారని అక్క గుర్తుచేసింది. ఆ రాత్రి నేను అందులోంచి చూసే వీలే లేదు. అది తెలిశాక కూడా, కళ్లు మూసుకుంటే మెరుపు వెలుగులో ఆ చెట్టు ఒరుగుతూనే ఉంది.