ఏసీ మార్పు బిల్లు వెనక మూడు గ్యాసుల చరిత్ర

పదిపన్నెండేళ్ల నాటి స్ప్లిట్ ఏసీ చల్లదనం తగ్గితే మెకానిక్ మొదట అనే మాట "గ్యాస్ అయిపోయింది". రెండోది "దీనికి ఇంక డబ్బు పోయకండి, మార్చేయండి". మొదటి మాట సగమే నిజం. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలులా అయిపోదు, మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. అది పట్టుకోకుండా గ్యాస్ ఎక్కిస్తే వచ్చే వేసవికి మళ్లీ ఫోన్ చేయాల్సిందే. రెండో మాటకు మాత్రం గట్టి కారణాలే ఉన్నాయి. వాటి మొదలు 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంలో ఉంది.

ఓజోన్ పొరను కాపాడేందుకు కుదిరిన ఆ ఒప్పందంలో మన దేశం 1992లో చేరింది. అప్పట్లో కిటికీ ఏసీ అయినా స్ప్లిట్ అయినా ఇళ్లలో నడిచింది ఆర్-22 గ్యాస్ మీదే. అది ఓజోన్‌కు హాని చేసేది కాబట్టి దాన్ని అంచెలంచెలుగా తగ్గిస్తూ వచ్చి, కొత్త మిషన్ల తయారీలో వాడకాన్ని 2024 చివరికి ఆపేశారు. సర్వీసుకు ఇంకా దొరుకుతోంది, కోటా మాత్రం ఏటికేడు కుంచించుకుపోతుంది. కాబట్టి లీకు లేకుండా నడుస్తున్న ఆర్-22 మిషన్‌ను గ్యాస్ పేరు చెప్పి ఇవాళే తీసేయనక్కర్లేదు. కాయిల్ (గ్యాస్ తిరిగే మెలికల గొట్టం) చిల్లుపడినా, కంప్రెసర్ పోయినా అప్పుడు లెక్క వేరు.

ఆర్-22 తర్వాత ఆర్-410ఎ వచ్చింది. ఓజోన్‌కు హాని లేదు సరే, భూమిని వేడెక్కించే గుణంలో పాతదాన్నే మించిపోయింది. బొగ్గుపులుసు వాయువును 1 అనుకుంటే ఆర్-22 లెక్క 1,810, ఆర్-410ఎ లెక్క 2,088. 2016లో అదే మాంట్రియల్ ఒప్పందానికి చేసిన కిగాలీ సవరణ ఆర్-410ఎ లాంటి గ్యాసుల మీదే పడింది, దాన్ని భారత్ 2021లో ఆమోదించింది. ఇప్పుడు కొత్త మిషన్లలో ఎక్కువగా కనిపించే ఆర్-32 లెక్క 675. గోద్రెజ్ 2012లోనే ప్రొపేన్ ఏసీలు తెచ్చింది, ప్రొపేన్ లెక్క 3 దాకానే. కానీ అది బాగా మండే గ్యాస్ కాబట్టి చేయి తిరిగిన మనిషే ముట్టుకోవాలి. ఆర్-32 కూడా కొద్దిగా మండుతుంది.

గ్యాస్ మారితే ఇంటివాళ్లకేం అంటారా? గ్యాస్‌తో పాటు ఒత్తిడి, నూనె, పనిముట్లు అన్నీ మారాయి. ఆర్-22 మిషన్ నడుస్తున్నప్పుడు కంప్రెసర్‌కు గ్యాస్ తిరిగి వచ్చే పైపు మీద గేజి 60-70 పీఎస్‌ఐ చూపిస్తే, ఆర్-32లో అది 110-140 ఉంటుంది. పల్చని పాత పైపు, అరిగిన ఫ్లేర్ (నట్టుతో బిగించేందుకు గరాటులా విప్పిన పైపు కొస) ఆ ఒత్తిడికి ఆగవు. చివరికి నట్టు కూడా మారింది. అర అంగుళం పైపుకు పాత ఫ్లేర్ నట్టు 24 మి.మీ. అయితే కొత్తది 26. పాత ఫ్లేర్‌నే సాగదీసి బిగించే చోటే చాలా లీకులు మొదలవుతాయి. పాత మిషన్లలో మినరల్ ఆయిల్ ఉండేది. కొత్తవాటిలో ఎక్కువగా ఉండే పీఓఈ అనే సింథటిక్ నూనె గాలిలో తేమను స్పాంజిలా పీల్చేస్తుంది. తేమ చేరితే యాసిడ్ తయారై కంప్రెసర్ మోటారు వైండింగ్‌ను తినేస్తుంది.

అందుకే బిగింపులో పైపుల్లోని గాలిని, తేమను లాగేసే వ్యాక్యూమ్ పంపు తప్పనిసరి. మిషన్‌లో ఉన్న గ్యాస్‌నే కాస్త వదిలి పైపులో గాలిని తోసేయడం పాత అలవాటు. ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది, తేమ మాత్రం లోపలే ఉండిపోతుంది. పంపు పెట్టి లోపలి ఒత్తిడిని 500 మైక్రాన్ల (వ్యాక్యూమ్ కొలత) దాకా దింపి, పంపు ఆపాక ముల్లు పైకి లేస్తుందో లేదో చూడాలి. మిషన్ ధర మీద వెయ్యి రూపాయలు బేరమాడి ఈ అరగంటను వదిలేసుకోవడం నష్టం బేరం.

బిల్లు పెరిగేది ఎక్కువగా పైపు దగ్గర. డబ్బాతో సాధారణంగా 3 మీటర్ల పైపు వస్తుంది. అవుట్‌డోర్ యూనిట్ పై డాబా మీద పెడితే దారి 8 మీటర్లవుతుంది. పావు, అర అంగుళాల జత పైపు 0.8 మి.మీ. మందంలో మీటరుకు 390 గ్రాముల రాగి, అంటే అదనపు 5 మీటర్లకు దాదాపు 2 కిలోలు. అదే జత 0.6 మి.మీ.లో అయితే కిలోన్నర. మందం అడగకుండా మీటరు ధర మాత్రమే అడిగితే ఈ అరకిలో ఎక్కడికి పోయిందో తెలియదు. గోడలో పూడ్చిన పాత పైపు ఉంటే సైజు, మందం సరిపోతాయో చూసి, లోపలి నూనె కడిగించి, నైట్రోజన్‌తో ఒత్తిడి పరీక్ష చేయించాకే వాడాలి. బయట పారిన పైపైతే మార్చేయడమే మంచిది.

స్టార్ల కథ మరోటి. గది ఏసీలకు లేబుల్ 2010లో తప్పనిసరి అయినప్పుడు 5 స్టార్ల స్ప్లిట్‌కు సామర్థ్యం, అంటే తినే కరెంటుకు ఎన్ని రెట్లు చల్లదనం ఇస్తుందన్న లెక్క, 3.1 ఉంటే చాలు. 2018లో కొలమానాన్ని సీజన్ మొత్తం మీద సామర్థ్యాన్ని చూపే ఐసీర్‌కు (ISEER) మార్చాక 3.1తో వచ్చేది ఒక్క స్టారే, ఐదుకు 4.5 కావాలి. 2022 జూలైలో ఐదుకు 5.0 చేశారు, 2026 జనవరిలో మళ్లీ బిగించారు. అంటే పాత 5 స్టార్ల స్టిక్కర్‌ను కొత్త 3 స్టార్లతో పోల్చడంలో అర్థం లేదు. ఐసీర్ అంకె చూడండి. 3.5 నుంచి 5.0కు వెళితే అదే చల్లదనానికి కరెంటు 30 శాతం తగ్గుతుంది. రోజుకు గంటన్నర వాడే గదిలో ఆ తేడాతో ధర రాబట్టుకోవడం కష్టం.

పన్ను మాత్రం తగ్గింది. 2017 నుంచి 28 శాతంగా ఉన్న జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22న 18 అయింది. పన్నుకు ముందు 35,000 ఉన్న మిషన్ మీద ఇది 3,500 రూపాయల తేడా.

విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలికి కాయిల్ త్వరగా పోతుంది. రాగి కాయిల్‌కు పడిన చిల్లును వెల్డింగ్‌తో పూడ్చవచ్చు, అల్యూమినియం అయితే చాలాసార్లు కాయిలే మార్చాలి. ఇక చలికాలంలో గదిని వేడి కూడా చేసే "హాట్ అండ్ కోల్డ్" మోడల్‌లో గ్యాస్ దారి తిప్పే వాల్వ్‌కు అదనంగా కట్టాలి. మన ఊళ్లలో చలి ఉండే ఆ నాలుగు వారాలకు అది అవసరమా అన్నది ఇంటింటికీ వేరు.

పాత మిషన్ విప్పే రోజు పంపు డౌన్ చేయమని అడగండి. కంప్రెసర్ నడుస్తుండగా సన్న పైపు వాల్వ్ మూసి, గ్యాస్ అంతా అవుట్‌డోర్‌లోకి చేరి గేజి సున్నాకు వచ్చాక లావు పైపు వాల్వ్ మూసి, వెంటనే స్విచ్ ఆపేస్తారు. పట్టేది రెండు మూడు నిమిషాలు. కంప్రెసర్ పోయిన మిషన్‌కు ఇది కుదరదు, గ్యాస్‌ను రికవరీ మిషన్‌తో సిలిండర్‌లోకి తీసుకోవాలి. ఇవేమీ చేయకుండా పైపు కోసేస్తే బుస్సుమనే చప్పుడు వస్తుంది, అది ఆర్-22 గాల్లో కలిసిపోతున్న చప్పుడు.