పాత రిసార్టు, కొత్త రేటు: కౌంటర్ వెనక నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖ–భీమిలి బీచ్ రోడ్డు వైపు రిసార్టుల్లో ఫ్రంట్ ఆఫీసులో చేరి డ్యూటీ మేనేజర్ దాకా వచ్చినవాణ్ణి, మధ్యలో అరకులో కూడా కొన్ని సీజన్లు చేశాను. "రాత్రికి 12 వేలు తీసుకుని ఇదా మీరిచ్చే గది?" అనే మాట పడనివాళ్లు మా ఫీల్డులో ఉండరు. చాలాసార్లు గెస్టు కోపం న్యాయమైనదే. కాకపోతే ఆ కోపం ఎవరి మీద చూపాలో, ఏం అడిగితే పని అవుతుందో తెలియక సెలవంతా పాడుచేసుకుంటారు. పాత రిసార్టులో రేటు పెట్టేవాళ్లు వేరు, గది చూసుకునేవాళ్లు వేరు, బాగుచేయించడానికి డబ్బు తియ్యాల్సినవాళ్లు వేరు. కింద రాసినవన్నీ ఆ ముగ్గురి మధ్య జరిగే కథలే.

అపోహ: "ఇంత రేటంటే గది కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది"

రేటు మీకు చెప్పేది ఒక్కటే, ఆ రోజుకి హోటల్ ఎంత నిండిందని. మంగళవారం 5,500కి ఇచ్చిన గదినే శనివారం 11,000కి ఇస్తాం, సంక్రాంతికో డిసెంబరు ఆఖరి వారానికో ఇంకా పైకి పోతుంది, ఈ లెక్కంతా సాఫ్ట్‌వేరు చూసుకుంటుంది, దానికి బాత్రూంలో ఫ్లష్ కారుతోందన్న సంగతి తెలీదు. పైగా బుకింగ్ యాప్ కమీషన్ 15 నుంచి 25 శాతం దాకా అందులోంచే పోతుంది. నేరుగా హోటల్‌కి ఫోన్ చేస్తే ప్రతిసారీ తగ్గించకపోవచ్చు గానీ బ్రేక్‌ఫాస్టో లేట్ చెక్-అవుటో అడిగే వీలుంటుంది.

రేటు మాటొచ్చింది కాబట్టి ఇంకోటి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే మొత్తం మీద 18 శాతం. అంటే 7,500 గదికి చేతి నుంచి పోయేది 7,875, అదే 7,600 గదికి 8,968. వంద రూపాయల తేడాకి వెయ్యికి పైగా బిల్లు పెరిగింది. బ్రేక్‌ఫాస్ట్ కలిపిన రేటు 7,500 దాటుతుంటే గది ఒక్కదానికే రేటు ఎంతో అడగండి, ఆ గీత కింద వస్తే టిఫిను బయట తిన్నా మీకు లాభమే.

అపోహ: "స్టార్ ఉంది, పెద్ద బ్రాండు పేరుంది, ఇంకేం చూడాలి"

మన దేశంలో స్టార్ వర్గీకరణ ఇచ్చేది కేంద్ర పర్యాటక శాఖ, అదీ హోటల్ అడిగితేనే. తప్పనిసరి కాదు. ఒకసారి ఇస్తే ఐదేళ్లు చెల్లుతుంది, ఉప్పుగాలి తగిలే కట్టడానికి ఐదేళ్లంటే చాలా ఎక్కువ. యాప్‌లో కనిపించే స్టార్లు చాలాచోట్ల ఆ యాప్ వాళ్లో హోటల్ వాళ్లో పెట్టుకున్నవి. "సెవెన్ స్టార్" అని ఎక్కడైనా చూస్తే నవ్వుకోండి, అలాంటి వర్గం మన లెక్కలోనే లేదు.

ఇక బ్రాండు. గేటు మీద పేరున్న కంపెనీ ఆ బిల్డింగుకి ఓనరు కాకపోవచ్చు. చాలాచోట్ల ఓనరు ఎవరో స్థానిక కుటుంబం, బ్రాండు వాళ్లు ఫీజు తీసుకుని నడిపిపెడతారు. పరుపు మార్చాలన్నా పైపులైను మార్చాలన్నా డబ్బు ఓనరుది. బ్రాండు "మార్చండి" అంటుంది, ఓనరు "వచ్చే సీజన్ చూద్దాం" అంటాడు, మధ్యలో కౌంటర్ దగ్గర నిలబడి సారీ చెప్పేది మేం. ఒప్పందం తెగితే బోర్డు మారుతుంది, యూనిఫాం మారుతుంది, ఆ పరుపు మాత్రం అక్కడే ఉంటుంది. పేరు ఈ మధ్యే మారిన హోటల్ అయితే పాత పేరుతో కూడా రివ్యూలు వెతకండి.

అపోహ: "ఇంత పాతబడింది, కూల్చి కొత్తది కట్టొచ్చుగా"

ఇది మా గెస్టుల్లో ఇంజినీర్లు కూడా అడుగుతారు. 1991 ఫిబ్రవరిలో తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్, మనం సీఆర్‌జెడ్ అంటాం కదా, అది వచ్చింది. పట్టణం కాని తీరంలో గరిష్ఠ పోటు రేఖ, అంటే పోటు వేళ నీళ్లు వచ్చే హద్దు, దాని నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలకి వీల్లేకుండా చేసింది, ఉన్నవాటికి రిపేర్లు చేసుకోవచ్చు గానీ విస్తీర్ణం పెంచుకోవడం కుదరదు. 2011లో, 2019లో నిబంధనలు మారాయి, కొన్నిచోట్ల సడలించారు కూడా, అయినా నీళ్లకి అంత దగ్గరగా స్వేచ్ఛగా కట్టుకునే రోజులు పోయాయి. అందుకే మంచం మీద పడుకుంటే అలల చప్పుడు వినిపించే హోటళ్లలో చాలావాటికి వయసు ఎక్కువ. అలాంటి చోటు ఇంకొకరికి దొరకదని ఓనరుకి తెలుసు. మీరు కడుతున్న రేటులో సగం ఆ చోటుకే, గదికి కాదు. నన్నడిగితే పాత రిసార్టుల బద్ధకానికి అసలు మూలం ఇదే, పోటీ వచ్చే దారి లేనప్పుడు టైల్స్ మార్చాలన్న తొందర ఎవరికుంటుంది?

అపోహ: "ఫొటోలో ఉన్న గదే ఇస్తారు"

హోటల్ మొత్తం మూసేసి బాగుచేయిస్తే ఆదాయం పోతుంది కాబట్టి ఒక్కో ఫ్లోరు, ఒక్కో బ్లాకు చొప్పున చేస్తారు. డబ్బు అయిపోతే మధ్యలో ఆగిపోతుంది. అందువల్ల "డీలక్స్" అనే ఒకే పేరు కింద, ఒకే రేటుకి, పూర్తిగా మార్చిన గదీ ఉంటుంది, పదిహేనేళ్ల నాటి గదీ ఉంటుంది. ఫొటో ఎప్పుడూ మొదటిదానిదే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత అద్దాలు, ఫాల్స్ సీలింగులు కొత్తవి వేయించి, గోడల్లో పైపులు మాత్రం పాతవే ఉంచేసిన చోట్లు నాకు తెలుసు. కాబట్టి బుక్ చేసేటప్పుడు "మంచి గది ఇవ్వండి" అనకండి, అందరూ అదే అంటారు. "రెనొవేషన్ అయిన బ్లాకు ఏది, బాత్రూం కూడా మార్చారా" అని అడిగి, జవాబుని మెయిల్లోనో వాట్సాప్‌లోనో పెట్టించుకోండి. చెక్-ఇన్ దగ్గర అది చూపిస్తే మా కుర్రాళ్లు ఇంకో మాట మాట్లాడలేరు.

అపోహ: "కొన్నాళ్లుగా ఎవరూ వాడని గదైతే ఫ్రెష్‌గా ఉంటుంది"

సరిగ్గా తిరగేసి ఆలోచించాలి. తీరంలో గాలి నిండా తేమే. ఆఫ్ సీజన్లో ఖాళీ గదులకి కరెంటు ఆదా అని ఏసీలు ఆపేస్తాం, తలుపులు వేసి ఉంటాయి, వారం తిరిగేసరికి కార్పెట్టు, కర్టెన్లు, అల్మరా వెనక చెక్క అన్నీ చెమ్మ పీల్చుకుని బూజు వాసన మొదలవుతుంది. మీరు ఫోన్ చేశాక హౌస్‌కీపింగ్ వాళ్లు పరుగున వెళ్లి రూం ఫ్రెషనర్ కొడతారు. తలుపు తియ్యగానే మల్లెపూల వాసన గుప్పుమంటే సంతోషించొద్దు, అల్మరా తెరిచి చూడండి. పాత రిసార్టులో అన్నిటికన్నా నయమైన గది పొద్దున్నే ఎవరో ఖాళీ చేసినది. "నిన్న రాత్రి గెస్టు ఉన్న గదే ఇవ్వండి" అని అడిగితే కౌంటర్లో వాడు మీ మొహం వంక ఒకసారి చూస్తాడు, వీళ్లకి లోపలి సంగతి తెలుసని అర్థమవుతుంది.

నీళ్ల సంగతీ ఇంతే. మూసి ఉన్న గది పైపుల్లో నీళ్లు గోరువెచ్చగా నిలవుండిపోతాయి. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో సభకి వెళ్లినవాళ్లు న్యుమోనియాతో చనిపోతే, వెతికి పట్టుకున్న బ్యాక్టీరియానే లెజియొనెల్లా. నిలవున్న గోరువెచ్చని నీళ్లంటే దానికి పండగ. ఆఫ్ సీజన్లో గదికి వెళ్తే షవర్ తిప్పి, మీరు బయటికొచ్చి, రెండు మూడు నిమిషాలు వదిలెయ్యండి.

అన్నట్టు గెస్టుల వైపు నుంచి జరిగేది కూడా ఒకటుంది. సముద్రపు గాలి కోసం బాల్కనీ తలుపు బార్లా తీసి, ఏసీ 18లో పెట్టి కూర్చుంటారు. తేమ గాలి వచ్చి చల్లటి గోడకీ టైల్స్‌కీ తగిలి నీళ్లు కారతాయి. "సీలింగ్ లీకవుతోంది" అని ఫోను. గాలైనా ఏసీ అయినా, ఏదో ఒకటి.

అపోహ: "సీ వ్యూ, అందులోనూ టాప్ ఫ్లోర్, అదే బెస్ట్"

చూడ్డానికి బెస్టే. ఉండడానికి చాలాసార్లు కాదు. ఉప్పుగాలి నేరుగా తగిలేది ఆ వైపుకే, ఏసీ కాయిల్ నుంచి తలుపు బందుల దాకా ముందు పోయేవి అక్కడివే. టాప్ ఫ్లోర్‌కి ఎండాకాలం శ్లాబు వేడి, వానాకాలం టెర్రస్ లీకు. గ్రౌండ్ ఫ్లోర్‌కి నేల చెమ్మ. మధ్య ఫ్లోరులో పక్కవాటు వ్యూ ఉన్న గది చాలా పాత హోటళ్లలో డబ్బుకి విలువ.

ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. కాంక్రీటులోకి ఉప్పు దిగి ఊచలు తుప్పు పడితే అవి ఉబ్బుతాయి, పైన సిమెంటు పెచ్చులూడుతుంది. బాల్కనీ రెయిలింగ్ కింద, అది శ్లాబులోకి దిగే చోట గోధుమరంగు చారలు, పగుళ్లు కనిపిస్తే దాని మీద ఆనుకోవద్దు, పిల్లల్ని అసలు వదలొద్దు, వెంటనే గది మార్చమనండి. పైన ఎంత కొత్త పెయింటు వేసినా రెయిలింగ్ మొదలు దగ్గర తెలిసిపోతుంది. చెమ్మ, వాసన, పాత టీవీ సర్దుకుపోవచ్చు, ఇది సర్దుకుపోయే విషయం కాదు.

చిన్నవి కొన్ని

పూల్ దగ్గర క్లోరిన్ వాసన ఘాటుగా వస్తే శుభ్రమని కాదు. క్లోరిన్ చెమటతోనూ మూత్రంతోనూ కలిస్తే వచ్చే వాసన అది. బాగా నడిపే పూల్‌కి అంత వాసన ఉండదు, అడుగున టైలు స్పష్టంగా కనిపిస్తుంది.

నల్లులు మురికి వల్ల పుట్టవు, సూట్‌కేసుల్లో వస్తాయి, ఖరీదైన హోటల్‌కీ వస్తాయి. పరుపు కుట్ల దగ్గర, తలవైపు బోర్డు వెనక నల్లటి చుక్కలున్నాయేమో చూశాకే పెట్టె తెరవండి.

అరకులో "వేడినీళ్లు రావట్లేదు" అన్న ఫోన్లలో చాలాభాగం గీజర్ పాడై కాదు, 15 లీటర్ల గీజర్‌తో నలుగురు వరసగా స్నానం చేయడం వల్ల. అక్కడ డిసెంబరు, జనవరిలో ఉష్ణోగ్రత ఒంటి అంకెకి పడిపోయే రోజులుంటాయి. పైప్‌లో వచ్చే నీళ్లే మంచులా ఉంటాయి మరి. మనిషికీ మనిషికీ మధ్య కాస్త టైమివ్వండి.

వాటర్ బాటిల్ ఎంఆర్‌పీ కన్నా ఎక్కువకి అమ్మితే కేసు వేస్తామంటారు. హోటళ్లు, రెస్టారెంట్లలో అలా అమ్మొచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఆ వాదనతో నోరు నొప్పి తెచ్చుకోకండి. రెస్టారెంట్ బిల్లులో సర్వీస్ చార్జ్ మాత్రం మీ ఇష్టం లేకుండా వేయకూడదు. వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో ఇచ్చిన మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. తీసెయ్యమంటే తీసెయ్యాలి, కాదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

అపోహ: "అరిస్తేనే పనవుతుంది"

అబద్ధం చెప్పను, ఒక్కోసారి అవుతుంది. లాబీ నిండా జనం ఉన్నప్పుడు ఎవరైనా గొంతు పెంచితే ఏ మేనేజరైనా ముందు వాళ్లని పక్కకి తీసుకెళ్లాలనే చూస్తాడు. కానీ శనివారం రాత్రి పదింటికి ఖాళీ గదే లేకపోతే ఎంత అరిచినా పుట్టదు. గది మార్పించుకోవాలంటే మధ్యాహ్నం చెక్-ఇన్ అయిన పావుగంటలోపు, బెడ్ మీద కూర్చోకముందు, పెట్టెలు విప్పకముందు అడగాలి. ట్రాలీ తెచ్చిన అబ్బాయిని తిట్టకండి, చాలాచోట్ల అతను కాంట్రాక్టు మనిషి, గది మార్చే అధికారం అతనికి లేదు. డ్యూటీ మేనేజర్‌ని పిలవమనండి. గది మార్చడం, భోజనం బిల్లు మాఫీ చేయడం లాంటివి అతని చేతిలో ఉంటాయి. యాప్‌లో ముందే డబ్బు కట్టేసి ఉంటే రీఫండ్ మాత్రం కౌంటర్లో అవదు, ఆ డబ్బు చాలాసార్లు ఇంకా హోటల్‌కి చేరనే చేరదు, యాప్ వాళ్లతోనే తేల్చుకోవాలి. సమస్యని లాగ్‌బుక్‌లో రాయించి ఆ పేజీ ఫొటో తీసుకుంటే అక్కడ అది పనికొస్తుంది.

అపోహ: "రివ్యూలు ఎవరూ చదవరు"

చదువుతారు. జనరల్ మేనేజర్ (జీఎం) పొద్దున్న మీటింగులో చదివి వినిపించే హోటళ్లు చాలా ఉన్నాయి. కాకపోతే "వరస్ట్ ఎక్స్‌పీరియన్స్, వేస్ట్ ఆఫ్ మనీ" అని రాస్తే మా దగ్గర రెడీగా ఒక జవాబుంటుంది, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అని, కాపీ చేసి పెట్టేస్తాం. గది నంబరు, బ్లాకు, తేదీ వేసి, కిటికీ పక్క గోడకి చెమ్మ, గీజర్ ఎర్త్ కొడుతోంది అని రాస్తే అది ఇంజనీరింగ్ వాళ్ల టేబుల్ మీదకి వెళ్తుంది, ఓనరుకి చూపించడానికి జీఎంకి ఒక కాగితం దొరుకుతుంది.