పార్సిల్‌లో వచ్చే కోడిపిల్లలు: అపోహలు – వాస్తవాలు

ఒకరోజు వయసు పిల్లల్ని హేచరీల (మెషిన్లలో గుడ్లు పొదిగించే చోట్ల) నుంచి తెచ్చి, నెల రోజులు బ్రూడర్‌లో, అంటే బల్బు వేడి పెట్టిన గదిలో, పెంచి, చుట్టుపక్కల ఊళ్లకు అమ్మడం నా పని. మా నెల్లూరు జిల్లాలో ఆత్మకూరు, ఉదయగిరి వైపు నుంచి తరచూ ఫోన్లు వస్తుంటాయి. "అన్నా, ఆన్‌లైన్‌లో కడక్‌నాథ్ నల్లకోడి పిల్లలు చూశాను, బస్సులో వేసి పంపిస్తామంటున్నారు, తెప్పించుకోవచ్చా?" అని. నెల పిల్లలు అమ్ముకునేవాణ్ణి కాబట్టి వద్దంటానని వాళ్ల అనుమానం. ఆ అనుమానం ఉండాల్సిందే. నేను వద్దనను. ఏం జరుగుతుందో తెలుసుకుని తెప్పించుకోమంటాను.

అపోహ: పుట్టిన పిల్ల మూడు రోజులు మేత, నీళ్లు లేకుండా బతుకుతుంది.

ఇందులో సగం నిజం ఉంది, చిక్కంతా ఆ సగంతోనే. గుడ్డు పగలడానికి ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కుంటుంది. దాని మీద రెండు మూడు రోజులు నెట్టుకొస్తుంది. అమెరికాలో 1918 నుంచి పోస్టులో కోడిపిల్లల్ని పంపుతున్నారంటే ఈ సొన ధైర్యంతోనే. అయితే అమ్మేవాళ్లు బస్సెక్కించినప్పటి నుంచి గంటలు లెక్కేస్తారు. పిల్ల మాత్రం గుడ్డులోంచి బయటపడ్డప్పటి నుంచే సొన ఖర్చుపెడుతుంది. ఒక మెషిన్‌లో గుడ్లన్నీ ఒకేసారి పగలవు. ముందు వచ్చిన పిల్ల చివరి పిల్ల వచ్చేదాకా ఒక్కోసారి రోజంతా అక్కడే ఉంటుంది. ఆ తర్వాత ఏరడం, మారెక్స్ అనే కోళ్ల జబ్బుకు టీకా వేయడం, లెక్కపెట్టి పెట్టెల్లో సర్దడం. బస్సెక్కేసరికే గడువులో మంచి భాగం అయిపోయి ఉంటుంది. రాత్రి బయల్దేరి తెల్లారేసరికి కావలిలో దిగితే ఫర్వాలేదు. బస్సు తప్పినా, ఆదివారమని పార్సిల్ ఆఫీసు తీయకపోయినా ఇక చేతిలో ఏమీ ఉండదు. అంత అలవాటైన అమెరికాలోనే 2025లో డెలావేర్ రాష్ట్రంలో పోస్టు ట్రక్కులో వేల పిల్లలు మూడు రోజులు ఉండిపోయాయి. వాటిలో వేలల్లోనే చచ్చిపోయాయి.

అపోహ: పెట్టె తెరిచినప్పుడు అన్నీ బతికే ఉంటే గండం గడిచినట్టే.

నా అనుభవంలో అసలు నష్టం మొదలయ్యేది ఇక్కడే. పార్సిల్ పిల్లలు ఎక్కువగా చచ్చేది దారిలో కాదు, మీ ఇంటికొచ్చాక మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య. దారిలో ఒంట్లో నీరు ఎండిపోయిన పిల్ల, సొన అయిపోయేలోపు మేత తినడం నేర్చుకోని పిల్ల, గింజ పక్కనే నిలబడి చచ్చిపోతుంది. అమ్మినవాళ్ల గ్యారంటీ సాధారణంగా పెట్టె తెరిచిన రోజుకే. ఆ రోజు వీడియో అడుగుతారు. నాలుగో రోజు చావులు మీ ఖాతాలోకే.

అందుకని దించగానే తలలు లెక్కపెట్టడం కంటే కాళ్లు చూడండి. కాళ్లు ఎండిపోయి, నరాలు తేలి ఉంటే నీరు తగ్గిందని అర్థం. బొడ్డు మూసుకోకుండా, తడిగా, వాసన వస్తుంటే అది హేచరీలోనే అంటిన జబ్బు, మందు వేసినా నిలబడేవి తక్కువ. ముందు నీళ్లు, తర్వాతే మేత. ఒక్కో పిల్ల ముక్కును గోరువెచ్చని బెల్లం నీళ్లలో ముంచి వదలండి. గంటో రెండు గంటలో గడిచాక కాగితం పరిచి మొక్కజొన్న నూక చల్లండి. రాత్రి పడుకోబోయే ముందు నాలుగైదు పిల్లల్ని పట్టుకుని మెడ కింద మేత సంచి తడిమి చూడండి. మెత్తగా నిండుగా ఉండాలి. ఖాళీగా తగిలితే ఆ రాత్రి మీకు నిద్ర లేనట్టే.

దారిలో తింటాయని పెట్టెలో పుచ్చకాయ ముక్కలు, తడిపిన తవుడు పెట్టమని అడిగేవాళ్లున్నారు. వద్దు. తడిసిన పిల్ల చలికి ముడుచుకుపోతుంది. మన దేశపు 1978 జంతు రవాణా నియమాలు కూడా ఈ వయసు పిల్లలకు పెట్టెలో మేత, నీళ్లు పెట్టొద్దనే అంటాయి.

అపోహ: నెల్లూరు ఎండలకు పిల్లలకు బల్బెందుకు?

ఎండ వేరు, బ్రూడర్ వేడి వేరు. మొదటి వారం పిల్ల ఉన్న చోట 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. వేసవి మధ్యాహ్నం బల్బు ఆపేయొచ్చు, తెల్లవారుజామున ఆపితే మాత్రం ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయి. అసలు మన ఎండ చంపేది షెడ్డులో కంటే బస్సు డిక్కీలో. వంద పిల్లల పెట్టె అంటే పాతికేసి చొప్పున నాలుగు గదులు, పక్కన గాలి రంధ్రాలు. వాటికి ఆనించి ఎవరిదో మూట పెడితే చాలు. రోహిణి కార్తెలో పిల్లల్ని తెప్పించమని ఎవరైనా అడిగితే నేను ఆర్డరు తీసుకోను.

అపోహ: "అన్ని టీకాలూ వేసే పంపుతాం."

ఒకరోజు పిల్లకు హేచరీలో సాధారణంగా వేసేది మారెక్స్ ఒక్కటే. కొక్కెర తెగులుకు లసోటా అనే టీకా చుక్కలు వారంలోపు, గంబోరో జబ్బుకు టీకా రెండో వారంలో మీరే వేయించుకోవాలి. ఇంకో సంగతి, పార్సిల్‌లో పిల్లలతోపాటు జబ్బూ రావచ్చు. తల్లికోడికి పుల్లోరం అనే జబ్బు ఉంటే గుడ్డులోంచే పిల్లకు వస్తుంది. తెల్లగా పారుకుంటూ రెండు మూడు వారాల్లో పోతాయి. కొత్త పిల్లల్ని తెచ్చిన రోజే పెరట్లో కోళ్లతో కలిపేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. మూడు వారాలు వేరుగా ఉంచండి, ముందు పాత కోళ్లకు మేత వేసి తర్వాతే వీటి దగ్గరికి రండి. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బల్లో బర్డ్ ఫ్లూ తేలింది. ఎక్కడి నుంచి వచ్చాయో తెలియని పిల్లలంటే ఇక్కడివాళ్లు జంకడంలో తప్పులేదు. బాగున్న పిల్లల రెట్టలోనూ మనుషులకు జబ్బు చేసే సాల్మొనెల్లా క్రిమి ఉండొచ్చు. చిన్నపిల్లలు వాటిని ముద్దు పెట్టుకోకుండా చూడండి, పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి.

నల్లగా ఉన్న ప్రతి పిల్లా కడక్‌నాథ్ కాదు. నల్ల నూగు చాలా జాతులకు, సంకరాలకు ఉంటుంది. అమ్మేవాడు తల్లికోళ్లను వీడియో కాల్‌లో చూపించకపోతే డబ్బులు వేయకండి. వనరాజా, గ్రామప్రియ కావాలంటే వాటిని తయారు చేసింది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థే, అక్కడ అడగొచ్చు. అవి సంకరాలు కాబట్టి వాటి గుడ్లు పొదిగిస్తే వచ్చేవి మళ్లీ అంత బాగా పెట్టవు.

ఇక "అన్నీ పెట్టలే ఇస్తాం" అనే మాట. ఒకరోజు పిల్లలో ఆడామగా తేల్చడం చేయి తిరిగినవాళ్ల పని, నాటు రకాలకు ఆ పని చేయించే హేచరీని నేనైతే చూడలేదు. సగం పుంజులనే లెక్క వేసుకోండి. సంక్రాంతికి ఎదిగేలా తెప్పించుకుంటే వాటికీ బేరం ఉంటుంది.