సైలెన్సర్ పైపు మళ్లీ పగిలిందా? ఇంకో రాడ్డు కాల్చకండి

"వెల్డింగ్ మళ్లీ ఊడింది మాస్టారూ, ఈసారి కాస్త దిట్టంగా పెట్టండి." విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డు ముందు బండి ఆపి పాత జీపుల వాళ్లు అనే మొదటి మాట ఇదే. బెండ్లు (వంచిన పైపు ముక్కలు) కొనుక్కుని ఇంటి దగ్గరే ఎగ్జాస్ట్ అతికించుకునే కుర్రాళ్లదీ ఇదే పాట.

అపోహ: వెల్డింగ్ మందంగా పెడితే విరగదు.

వాస్తవం: ఊడింది వెల్డింగ్ కాదండీ. బండి కిందకి దూరి, లైటు వేసి చూడండి. వెంట్రుకవాసి పగులు అతుకు మీద ఉండదు, అతుకు పక్కన పైపు చుట్టూ తిరిగి ఉంటుంది. అక్కడ మందమైన అతుకు అయిపోయి పల్చటి పైపు మొదలవుతుంది. ఊపంతా ఆ అంచు మీదే పడుతుంది. ఇంకో పొర పోస్తే పగులు పక్కకి జరుగుతుంది, అంతే.

అసలు రోగం బిగింపులో ఉంది. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, ఛాసిస్ (బండి చట్రం) ఊగదు. పైగా మీటరు పొడవు ఇనప పైపు 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. 304 స్టెయిన్‌లెస్ అయితే 7 దాకా. రెండు చివర్లూ బిగించేస్తే ఆ సాగుడు ఎటు పోవాలి?

మంగళగిరి నుంచి ఒకాయన వచ్చేవారు. పాత జీపు, ప్రాణంగా చూసుకుంటారు. ఎక్కడో అతికించుకోవడం, కొండవీడు ఘాట్ ఎక్కేసరికి మళ్లీ డబడబ. బండి అమ్మేద్దామన్నంత విసిగిపోయారు పాపం. ఇద్దరం కింద పడుకుని చూస్తే, సైలెన్సర్‌ని యు-క్లాంపుతో నేరుగా ఛాసిస్‌కే బిగించి ఉంది. మధ్యలో రబ్బరు ముక్క లేదు! మ్యానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే మొదటి గొట్టాలు) తర్వాత ఒక ఫ్లెక్సిబుల్ బెలో (సాగి వంగే ముడతల గొట్టం), వెనక రబ్బరు హ్యాంగర్లు పెట్టి, పగిలిన చోట కోసేసి కొత్త బెండు వేశాం. ఇప్పుడాయన టీ తాగడానికే వస్తున్నారు.

రెండో కారణం కోత. బెండుని ఏటవాలుగా కోస్తే మూతి గుండ్రంగా రాదు, పక్క పైపుతో కలవదు. ఆ సందు రాడ్డుతో పూడ్చబోతే 1.6 మి.మీ. పైపుకి కన్నాలే పడతాయి. వంపుకి సరిగ్గా అడ్డంగా కోయండి. వెలుతురు కనపడనంత దగ్గరగా కూర్చునేదాకా ఆకురాయి వదలొద్దు. బండి కింద టాకాలు (అక్కడక్కడ చిన్న చుక్క అతుకులు) మాత్రమే వేసి, విప్పి, పూర్తి వెల్డింగ్ బల్ల మీద చెయ్యండి. ఫ్లాంజిని (పైపు చివర బోల్టులు బిగించే బిళ్లని) మందపాటి ప్లేటుకి బిగించి అతికిస్తే మెలి తిరగదు.

మిగతావి గబగబా చెప్పేస్తా.

జిఐ పైపు (జింకు పూత వేసిన ఇనప పైపు) చవకని వాడతారు, వెల్డింగ్ పొగకి పాలు తాగితే చాలంటారు. ఎవరు పుట్టించారో ఈ మాట! జింకు 907 డిగ్రీలకే మరిగిపోతుంది, ఇనుము కరగాలంటే 1500 దాకా కావాలి. అంటే పూతంతా మీ ముక్కులోకే. సాయంత్రానికి చలిజ్వరం. పాలు వెళ్లేది పొట్టలోకి, పొగ వెళ్లేది ఊపిరితిత్తుల్లోకి. ఎగ్జాస్ట్‌కి జిఐ వద్దు.

పెద్ద పైపు వేస్తే పవర్ పెరుగుతుందా? సౌండ్ పెరుగుతుంది. తక్కువ స్పీడులో లాగుడు తగ్గుతుంది. సైలెన్సరే పీకేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు.

వెల్డింగ్ చేస్తే ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పోతుందని కారు వాళ్లకి టెన్షన్. భయం అర్థమే. బ్యాటరీ నెగటివ్ తీసేసి, వెల్డింగ్ మెషిన్ ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే పైపుకి పెట్టించండి, ఛాసిస్ ఆ చివర కాదు. ఆక్సిజన్ సెన్సార్ కూడా ముందే విప్పించండి. పెట్రోల్ లైను దగ్గరగా ఉంటే టాకా కూడా బండి మీద వెయ్యనివ్వొద్దు.