రాడార్‌తో వస్తువుని గుర్తుపట్టడం: మా కోనసీమలో నేను విన్న అపోహలు

మాది అమలాపురం పక్కన ఊరండి, చిన్న రాడార్ బోర్డు మీద వస్తువు పెడితే అది స్టీలా, ప్లాస్టిక్కా, చెక్కా అని కంప్యూటర్ చేత చెప్పించడం నా పని. పని గురించి చెప్పిన ప్రతిసారీ అవే మాటలు వినీ వినీ ఒకసారి రాసేద్దామనిపించింది.

అపోహ: రాడార్ అంటే తుఫాన్లు చూసే పెద్ద గుండ్రటి డోము.

మావైపు రాడార్ అన్న మాట వినేదే తుఫాను టైములో, మచిలీపట్నం రాడార్ అంటూ టీవీలో చెప్తారు కదా, అందుకే నేను బోర్డు బయటకి తీయగానే మా పెదనాన్న గారు "ఏరా, వాయుగుండం ఏవన్నా ఉందా" అన్నారు. సూత్రం ఒకటేనండి, తరంగం పంపి తిరిగొచ్చిన దాన్ని చూడటమే, కాకపోతే అక్కడ తరంగం పొడవు 10 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటే ఇక్కడ 60 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర 5 మిల్లీమీటర్లే, దాంతో యాంటెన్నా కూడా బుల్లిది అయిపోతుంది, చిప్పు వేలిగోరంత.

అపోహ: కెమెరాలాగా బొమ్మ చూస్తుంది, రూమంతా స్కాన్ చేసి ఏది ఎక్కడుందో చెప్పేస్తుంది.

అస్సలు కాదు. 57 నుంచి 64 గిగాహెర్ట్జ్ దాకా మొత్తం వాడినా దూరంలో 2 సెంటీమీటర్ల తేడా ఉంటేనే రెండు వస్తువులని విడిగా చూడగలదు, ఇంక బొమ్మెక్కడిది! అది చూసేది వేరే. వస్తువు పైభాగం నుంచి కొంత, లోపల్నుంచి కొంత, దాని వెనక వైపు నుంచి కొంత తిరిగొచ్చి అన్నీ కలిసిపోయి ఒక వంకరటింకర సిగ్నల్ అవుతుంది, మెటీరియల్ మారినా మందం మారినా ఆ వంకర మారుతుంది, ఆ వంకర్లని మెషీన్ లెర్నింగ్‌కి, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాముకి నేర్పిస్తాం. 2016లో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీ వాళ్ళు రాడార్‌క్యాట్ అనే సిస్టమ్ చేసి 26 రకాల మెటీరియల్స్ గుర్తుపట్టించింది ఇలాగే, గూగుల్ వాళ్ళ సోలీ అనే బుల్లి రాడార్ సెన్సార్‌తో. అదీ వస్తువుని సెన్సార్‌కి ఆనించి పెట్టి, గది అవతల్నుంచి కాదు. 2019లో పిక్సెల్ 4 ఫోన్లో సోలీ పెట్టారుగా అంటారు కొందరు, అది చెయ్యి ఊపితే పాట మారడం లాంటి వాటికండి, పైగా ఆ ఫోను మన దేశంలో అమ్మనే లేదు.

అపోహ: వస్తువు పేరు దానికే తెలిసిపోతుంది.

నేర్పించిన వాటిలో దగ్గరగా ఉన్నదాని పేరు చెప్తుంది, అంతే. ఇత్తడి చెంబు ఎప్పుడూ చూపించకుండా పెట్టి చూడండి, ధైర్యంగా స్టీలు అంటుంది, ఎందుకంటే ఏ లోహమైనా తరంగాన్ని దాదాపు మొత్తం వెనక్కి కొట్టేస్తుంది, అద్దానికి అద్దానికి తేడా ఏం చెప్తాం? ఇంకొన్ని పాట్లు మా గోదావరి గాలితో. మే నెలలో బియ్యం, మినుములు, ఊక డబ్బాల్లో పోసి డేటా తీసి నేర్పించా, బ్రహ్మాండంగా చెప్పింది, వానలు పడ్డాక జూలైలో అదే ఊక పెడితే ఇంకేదో అంది. చెమ్మ ఎక్కితే సిగ్నల్ మారిపోతుంది మరి. నాలుగు రోజులు కోడ్‌లో తప్పు వెతుక్కున్నానండి, తప్పు కోడ్‌లో లేదు.

అపోహ: రేడియేషన్, ఆరోగ్యానికి చేటు.

చిప్పు వదిలేది కొన్ని మిల్లీవాట్లు, ఎక్స్‌రేలాంటి రేడియేషన్ కాదు. దీని మీద ఇంతకంటే రాయను.

అపోహ: దేన్నైనా చీల్చుకుని లోపల ఉన్నది చెప్తుంది.

ఎండిన చెక్క, గుడ్డ, ప్లాస్టిక్ అయితే దూరుతుంది. లోహం అయితే అక్కడే ఆగిపోతుంది, కాబట్టి ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ళున్నాయా అంటే చెప్తుంది గానీ స్టీలు గ్లాసయితే చేతులెత్తేస్తుంది. నీళ్ళలో అయితే ఈ తరంగం మిల్లీమీటరు లోపే చచ్చిపోతుంది. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే బాబాయ్ ఒకాయన "కాయ కొట్టకుండా లోపల కొబ్బరి ఎండి కురిడీ అయ్యిందో లేదో చెప్తుందా బాబూ" అని అడిగితే ఉత్సాహపడి ట్రై చేశా. పచ్చి బొండం అయితే తడి పీచు దగ్గరే కథ అయిపోయింది, ఎండు కాయ అయితే కొంచెం తిప్పి పెట్టగానే జవాబు మారిపోతోంది. ఆయన ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించి "ఆయ్, ఇది కురిడీయే" అని పక్కన పడేశారు. ఇంకా తక్కువ ఫ్రీక్వెన్సీ అయితే కాస్త లోపలికి పోతుంది, అలాంటి బోర్డు ఒకటి ఆర్డర్ పెట్టా, అది వచ్చేదాకా నా దగ్గర దీనికి జవాబు లేదండి.