యూఎస్‌డీసీని టోకెన్ కాదనే స్కానర్లు: ప్రాక్సీ చిక్కు ఎక్కడ మొదలైంది?

భీమవరంలోనో అమలాపురంలోనో ఇంటి నుంచి బ్లాక్‌చెయిన్ పని చేసే కుర్రాళ్ళు సొంతంగా టోకెన్ స్కానర్ (ఒక అడ్రస్‌లో ఉన్నది టోకెనా కాదా తేల్చే ప్రోగ్రాం) రాస్తే మొదట తగిలే దెబ్బ ఇదే. డాలరు విలువకు కట్టిన యూఎస్‌డీసీ అంతటి టోకెన్ అడ్రస్ ఇచ్చినా ‘ఇది టోకెన్ కాదు’ అంటుంది. అర్ధరాత్రి దాకా సొంత కోడ్‌లో తప్పు వెతికి లాభం లేదు. చిక్కు పాతది.

2015 నవంబరులో ఫాబియన్ వోగెల్‌స్టెల్లర్, విటాలిక్ బుటెరిన్ ఇథీరియం బ్లాక్‌చెయిన్‌లో టోకెన్ల కోసం ఈఆర్‌సీ-20 అనే ప్రమాణాన్ని ప్రతిపాదించారు. తప్పనిసరి ఫంక్షన్లు ఆరు, ఈవెంట్లు (జరిగినదాన్ని నమోదు చేసే సంకేతాలు) రెండు. ‘నేను ఫలానా ప్రమాణం పాటిస్తున్నా’ అని కాంట్రాక్టు (బ్లాక్‌చెయిన్‌లో ఎక్కించిన ప్రోగ్రాం) తానే చెప్పుకొనే ఏర్పాటు మాత్రం పెట్టలేదు. అది ఈఆర్‌సీ-165 రూపంలో 2018లో వచ్చింది. ఎన్‌ఎఫ్‌టీల (దేనికది ప్రత్యేకమైన టోకెన్ల) ప్రమాణం ఈఆర్‌సీ-721 దాన్ని తప్పనిసరి చేసుకుంది. అప్పటికే చెలామణిలో ఉన్న ఈఆర్‌సీ-20 టోకెన్లు మాత్రం మూగగానే మిగిలిపోయాయి.

దాంతో ఊహే దిక్కయింది. ఫంక్షన్ పేరును, దాని ఆర్గ్యుమెంట్ల రకాలను కలిపి హాష్ చేస్తే (స్థిర పొడవున్న గుర్తుగా మారిస్తే) మొదటి 4 బైట్లు దాని గుర్తు. ఖాతా నిల్వ చెప్పే బ్యాలెన్స్‌ఆఫ్‌కి అది 70ఎ08231. ఇలాంటి ఆరు గుర్తులూ బైట్‌కోడ్‌లో (కాంట్రాక్టు యంత్ర రూపంలో) కనిపిస్తే టోకెన్ అనుకోవడమే.

ఒకసారి ఎక్కించిన కోడ్ మారదు, బగ్ దొరికినా అంతే. 2016లో హోమ్‌స్టెడ్ అనే ఇథీరియం అప్‌గ్రేడ్‌తో వచ్చిన డెలిగేట్‌కాల్ ఆదేశం దీనికి దారి చూపింది: ప్రాక్సీ (ముందు నిలబడే కాంట్రాక్టు) వేరే కాంట్రాక్టు కోడ్‌ను తెచ్చి తన స్టోరేజీ (తన దగ్గరున్న లెక్కల) మీదే నడుపుతుంది. మన డెల్టాలో కౌలు సాగు లాంటిదే. పాస్‌బుక్ ఒకరి పేరిట, పని చేసేది మరొకరు. కౌలుదారు మారినా చేను అదే. పాస్‌బుక్ చూసి పంటేమిటో చెప్పలేం. అలాగే ప్రాక్సీ బైట్‌కోడ్‌లో ఆ ఆరు గుర్తులూ ఉండవు. పోనీ అసలు కోడ్ ఉన్న అడ్రస్‌నే మొత్తం సప్లై ఎంతని అడిగితే సాధారణంగా సున్నా వస్తుంది, లెక్కలన్నీ ప్రాక్సీ దగ్గరే ఉంటాయి కనుక.

ఆ రెండో అడ్రస్ ఎక్కడ దాచాలన్న దాని మీద మొదట్లో ఎవరి పద్ధతి వారిదే. 2019లో ఈఐపీ-1967 అనే ప్రతిపాదన స్టోరేజీలో ఒక స్థిరమైన స్లాట్ (గది) ఖాయం చేసింది. యూఎస్‌డీసీ 2018 నాటిది, కాబట్టి జెప్పెలిన్‌ఓఎస్ అనే కాంట్రాక్టుల టూల్‌కిట్ వాడిన పాత స్లాట్‌లో వెతకాలి. ఈఆర్‌సీ-1167 రకం 45 బైట్ల బుల్లి ప్రాక్సీలైతే అడ్రస్‌ను కోడ్‌లోనే ఇముడ్చుకుంటాయి. డైమండ్ రకంలో ఫంక్షన్లు పలు కాంట్రాక్టుల్లో చెదిరి ఉంటాయి. ఇదో తలనొప్పి.

అసలు కోడ్ దొరికినా తీర్పు తేలిక కాదు. బ్యాలెన్స్‌ఆఫ్, అప్రూవ్, ట్రాన్స్‌ఫర్‌ఫ్రమ్ గుర్తులు ఎన్‌ఎఫ్‌టీల 721లోనూ అవే. ఇథీరియంలోని మరో డాలరు టోకెన్ యూఎస్‌డీటీకి ఆరు ఫంక్షన్లూ ఉన్నాయి, కానీ దాని ట్రాన్స్‌ఫర్ ప్రమాణం అడిగిన నిజం/అబద్ధం జవాబు ఇవ్వదు. పేర్లు సరిపోతే చాలనుకునే స్కానర్లను నేనైతే నమ్మను. ప్రాక్సీ అడ్రస్‌కే కాల్ పంపి, తిరిగొచ్చిన జవాబు ఆకారం కూడా చూడాలి.

పైగా ఈ రోజు పాసైన ప్రాక్సీ రేపు అప్‌గ్రేడ్ అయితే ఫెయిల్ కావచ్చు. అందుకే ఫలితం పక్కన బ్లాక్ నంబరు రాసుకోవాలి. ఈఐపీ-1967 పాటించేవి మారినప్పుడు సాధారణంగా ‘అప్‌గ్రేడెడ్’ ఈవెంట్ వదులుతాయి. అది వదలని పాతవాటికి ఆనాటి స్లాట్ విలువ చదవాలంటే పాత స్థితులన్నీ దాచే ఆర్కైవ్ నోడ్ కావాలి. అది ఇంట్లో పెట్టాలంటే డిస్కు టెరాబైట్లలో ఉండాలి.